షష్టిపూర్తికి మీకు మీరే ఒక మంచి పాళీ పెన్ను: ఎంపిక నుంచి మొదటి నెల రాత దాకా

షష్టిపూర్తికి పట్టుపంచెలు, వెండి గ్లాసు, ఫొటో ఆల్బం ఎలాగూ ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు. పెన్ను సంగతి మాత్రం వాళ్ళకు వదలకండి. చెప్పుల్లాగే పెన్ను కూడా ఇంకొకరి కొలతకు కొంటే కుదరని వస్తువు. పట్టుకునే తీరు, ఒత్తే బలం, అక్షరం పరిమాణం రాసేవాళ్ళకే తెలుస్తాయి. ఖరీదైన పెన్నులు బహుమతిగా వచ్చి పెట్టెతో సహా బీరువాలో ఉండిపోతున్నాయంటే, చాలాసార్లు పాళీ ఆ చేతికి పడకపోవడమే కారణం.

ఈ పనికి మూడు నెలల వ్యవధి పెట్టుకోండి. చేత్తో చేసే పెన్నుకు ఆర్డరిస్తే వారాలు పట్టొచ్చు. వచ్చిన పాళీలో దోషం ఉంటే తిప్పి పంపి మార్పించుకోవడానికి ఇంకొంత కావాలి. వీటికంటే ముందు, నలభై ఏళ్ళు బాల్ పెన్నుకు అలవాటు పడిన చేతిని దారిలోకి తెచ్చుకోవాలి.

మూడు నెలల ముందు: చేతి పరీక్ష

బాల్ పెన్ను దాదాపు నిటారుగా నిలబెట్టి ఒత్తితేనే రాస్తుంది. పాళీ పెన్నుకు అదే శత్రువు. కాగితానికి 45 నుంచి 55 డిగ్రీల వాలులో పెన్నును ఆనించి కదిపితే చాలు, దాని బరువుకే ఇంకు దిగాలి. బాల్ పెన్ను చేత్తో బంగారు పాళీని ఒత్తితే కొనలోని రెండు పాయలు విచ్చుకుని మళ్ళీ కలవవు. అలా విరిసిన పాళీని సరిచేయడానికి అయ్యే ఖర్చుతో ఇంకో మామూలు పెన్ను వస్తుంది.

అందుకని ముందు ఒక చవక పెన్ను కొనండి. ప్లాటినం ప్రెప్పీ, పైలట్ మెట్రోపాలిటన్, లామీ సఫారీ, వీటిలో ఏదైనా సరే. రోజుకొక పేజీ, నెల రోజులు, తెలుగులోనే రాయండి. పేజీ అయ్యాక కాగితం తిప్పి వెనక వేలితో తడమండి. గాట్లు తగిలితే ఇంకా ఒత్తుతున్నట్టే. గాట్లు తగలని రోజు వరకూ పెద్ద పెన్ను జోలికి పోవద్దు.

ఈ నెలలోనే మూడు విషయాలు రాసి పెట్టుకోండి. మొదటిది, మీ అక్షరం ఎత్తు: వత్తులు వదిలేసి 'క', 'ల', 'మ' లాంటి అక్షరాన్ని స్కేలుతో కొలవండి. ఎక్కువమందికి రెండున్నర నుంచి మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. రెండోది, రోజుకు ఎంత రాస్తారు: సంతకాలూ చిట్టాపద్దులేనా, నాలుగు పేజీల డైరీనా? మూడోది, ఎంతసేపటికి వేళ్ళు పట్టేస్తున్నాయి. కీళ్ళనొప్పులున్నవాళ్ళకు పట్టుకునేచోట 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావుండి, బరువు తక్కువగా ఉన్న పెన్ను హాయి. సన్నటి ఇత్తడి పెన్ను చూడ్డానికి హుందాగా ఉంటుంది గానీ పది నిమిషాలకే వేళ్ళు లాగేస్తాయి.

పాళీ ముందు, పెన్ను తర్వాత

దుకాణంలో కళ్ళు బాడీ మీదికి, క్లిప్పు మీదికి పోతాయి. డబ్బు మాత్రం పాళీకి పెట్టాలి. తెలుగు రాసేవాళ్ళకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది.

ఇంగ్లీషు రాసేటప్పుడు చెయ్యి ఎక్కువగా కిందికీ కుడికీ లాగుతుంది. తెలుగులో 'అ' రాసినా, 'ణ' రాసినా, 'ఱ' రాసినా పాళీ ఒకే అక్షరంలో గుండ్రంగా అన్ని దిక్కులూ తిరిగొస్తుంది. కొంత దూరం లాగుడు, కొంత దూరం నెట్టుడు. పాళీ కొనలో రెండు పాయలుంటాయి కదా, వాటిలో ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా లాగుడులో తెలియదు. పైకి నెట్టేటప్పుడు మాత్రం కాగితాన్ని గీరుతుంది. దుకాణంలో ఇంగ్లీషులో సంతకం పెట్టి "వెన్నలా ఉంది" అని కొన్న పెన్ను, ఇంటికొచ్చి తెలుగు రాయగానే గీరడానికి కారణం ఇదే.

ఇక గీత మందం. మూడు మిల్లీమీటర్ల అక్షరంలో సున్నా చుట్టిన చోట లోపలి ఖాళీ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. వత్తుల్లో ఇంకా తక్కువ. 0.6 మిల్లీమీటర్ల గీతతో రాస్తే ఆ ఖాళీ ఇంకుతో పూడిపోయి 'క్ష్మ', 'జ్ఞ', 'ఋ' నల్లటి ముద్దలవుతాయి. 0.3 నుంచి 0.45 మధ్య గీత తెలుగుకు నప్పుతుంది. పెద్ద అక్షరాలు రాసేవాళ్ళు 0.5 దాకా వెళ్ళొచ్చు.

పాళీ మీది అక్షరాలను నమ్మి కొనకండి. ఫైన్, మీడియం అన్నవాటికి అన్ని కంపెనీలూ పాటించే కొలత లేదు. జపాన్ కంపెనీలైన పైలట్, ప్లాటినం, సైలర్ పాళీలు జర్మన్ పాళీల కంటే సుమారుగా ఒక మెట్టు సన్నం. జపాన్ మీడియం అంటే రమారమి జర్మన్ ఫైన్. చైనా, జపాన్ లిపుల్లో గీతలు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడ సన్న పాళీకే గిరాకీ. మన వత్తులకూ అదే కలిసొచ్చింది. స్థూలంగా చెప్పాలంటే తెలుగుకు జపాన్ పెన్నులో ఫైన్ లేదా మీడియం, జర్మన్ పెన్నులో ఎక్స్‌ట్రా ఫైన్ లేదా ఫైన్. బ్రాడ్ అడక్కండి. కొన చదునుగా ఉండే స్టబ్ పాళీ సంతకానికీ, శుభలేఖ మీద పేర్లు రాయడానికీ ముచ్చటగా ఉంటుంది గానీ రోజువారీ తెలుగు రాతకు పనికిరాదు. ఒత్తితే లావు గీత వచ్చే ఫ్లెక్స్ పాళీలు మరీ దండగ. వాటితో కిందికి గీసేటప్పుడే ఒత్తాలి. తెలుగు గుండ్రాల్లో పైకి నెట్టేటప్పుడు ఒత్తితే విచ్చుకున్న పాయలు కాగితం పీచులో చిక్కుకుని ఇంకు చిమ్ముతాయి.

బంగారం గురించి రెండు మాటలు. 14 క్యారెట్లంటే 58.5 శాతం బంగారం, 18 అంటే 75, సైలర్ వాడే 21 అంటే 87.5. ఎక్కువ క్యారెట్లుంటే మెత్తగా రాస్తుందనేది అపోహ. కాగితాన్ని తాకేది బంగారం కాదు, కొనకు అతికించిన గట్టి మిశ్రలోహపు గుండు. నునుపు ఆ గుండును సానబెట్టిన పనితనంలో ఉంటుంది. బాగా సానబట్టిన ఉక్కు పాళీ, పని సరిగా కుదరని బంగారు పాళీ కంటే నయం. బంగారం వల్ల వచ్చేది కాస్త స్ప్రింగుదనం, ఆమ్లగుణమున్న ఇంకులకు తుప్పు పట్టకపోవడం. అరవయ్యేళ్ళ పండగ కాబట్టి బంగారం కావాలనిపిస్తే అది వేరే లెక్క, తప్పేమీ లేదు.

ఏ పెన్ను

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న రాజమండ్రిలో మొదలవుతుంది. కోసూరి వెంకటరత్నం 1932లో అక్కడ మొదలుపెట్టిన రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమంతో పుట్టినవి. గాంధేయ ఆర్థికవేత్త జె.సి.కుమారప్ప ద్వారా ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. గైడర్ పెన్నులదీ ఆ ఊరే. ఈ పెన్నులకు వాడే ఎబొనైట్, రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్ళలో కలిపి ఉడికించిన గట్టి పదార్థం. కడ్డీని లేత్ మీద తిప్పి బాడీ, మూత, పట్టు అన్నీ తీస్తారు. చేతికి వెచ్చగా తగులుతుంది, చెమట పట్టినా జారదు, లావున్నా తేలిగ్గా ఉంటుంది. చెన్నై దగ్గర తిరువళ్ళూరులో రంగా పెన్నులు కూడా ఈ బాపతే.

చేతిపని పెన్నుకు ఆర్డరిచ్చేటప్పుడు రంగు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. పట్టు లావు మిల్లీమీటర్లలో చెప్పండి. మూత తీసిన పెన్ను పొడవు ఎంత ఉండాలో చెప్పండి, సాధారణ అరచేతికి 125 నుంచి 135 మిల్లీమీటర్లు సరిపోతుంది. పాళీ ఎవరిదో అడగండి. జర్మనీ నుంచి వచ్చే జోవో, బాక్ పాళీలు తర్వాత విడిగా కొని మార్చుకోవచ్చు. అయితే ఒకదాని మరలో రెండోది బిగియదు కాబట్టి ఏది అమర్చారో రాయించుకోండి. ఇంకు నేరుగా బాడీలో పోసే రకమా, కన్వర్టర్ (లోపల అమర్చే చిన్న ఇంకు గొట్టం) పెట్టేదా, రెండూ కుదురుతాయా అన్నది కూడా అప్పుడే తేలాలి.

జపాన్ వైపు చూస్తే ప్లాటినం 3776 సెంచరీ మంచి బేరం. ఆ అంకె ఫ్యూజీ పర్వతం ఎత్తు, మీటర్లలో. మూత లోపల స్ప్రింగుతో బిగుసుకునే రెండో గిన్నె ఉంటుంది. దానివల్ల నెలల తరబడి ముట్టకపోయినా ఇంకు ఎండదు. వారానికో సంతకం పెట్టేవాళ్ళకు ఇంతకంటే తగిన పెన్ను లేదు. పాళీ కాస్త గట్టిగా ఉంటుంది, ఒత్తే చేతికి అది మేలే. రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్ళు పైలట్ కస్టమ్ 823 చూడండి. కడ్డీ ఒక్క నొక్కుడుతో బాగా ఇంకు పట్టే వాక్యూం పెన్ను అది, మామూలు కన్వర్టర్‌కు రెండు మూడింతలు.

జర్మనీ నుంచి లామీ 2000. 1966లో వచ్చిన గెర్డ్ ఎ. ముల్లర్ డిజైన్, నేటికీ పెద్ద మార్పు లేకుండా తయారవుతోంది. 1966లో పుట్టినవాళ్ళు షష్టిపూర్తికి కొనుక్కుంటే ఈడూ జోడూ కుదిరినట్టే. ఒక చిక్కు మాత్రం ఉంది. దాని పాళీకి రాసే కోణం ఇరుకు. పెన్నును వేళ్ళమధ్య కాస్త తిప్పి పట్టుకునేవాళ్ళకు గీత ఆగి ఆగి వస్తుంది. చేత్తో రాసి చూడకుండా కొనకూడనివాటిలో ఇదొకటి. పెలికాన్ ఎం 800 పిస్టన్‌తో ఇంకు పీల్చుకునే పెద్ద పెన్ను, పాళీ యూనిట్ మర తిప్పితే ఊడి వస్తుంది కాబట్టి తర్వాత మార్చుకోవడం సులువు. ఇంకు ధారాళంగా వదులుతుంది, అందుకని ఎక్స్‌ట్రా ఫైన్ తీసుకోండి. మాంట్‌బ్లాంక్ 149, 1952 నుంచి ఉన్నది, పాళీ మీది 4810 మాంట్‌బ్లాంక్ కొండ ఎత్తు, మీటర్లలో. గొప్ప పెన్నే గానీ అందులో సగం ధర పేరుకు కడుతున్నారని తెలిసే కొనండి. నకిలీలు కూడా దానికే ఎక్కువ, కాబట్టి కంపెనీ దుకాణంలో బిల్లుతోనే తీసుకోవాలి.

ఎంత పెట్టాలన్నది మీ ఇష్టం. ఎంత పెట్టినా పదిలో ఎనిమిది వంతులు పెన్నుకు, ఒక వంతు ఇంకులకూ కాగితానికీ, ఒక వంతు పాళీ సరిచేయించడానికి పక్కన పెట్టండి. విదేశం నుంచి తెప్పిస్తే ధర మీద కస్టమ్స్ సుంకం, దానిమీద ఐజీఎస్‌టీ, కొరియర్ వాళ్ళ రుసుము కలుస్తాయి. ఇవన్నీ కలిపి చూస్తే ఇక్కడి అధీకృత దుకాణం ధరే దగ్గరగా ఉండి, తిప్పి ఇచ్చే వీలు కూడా ఉంటుంది. అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్న పిల్లల చేత తెప్పించుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పాళీ గీరితే దాన్ని మళ్ళీ అంత దూరం పంపాలి.

దుకాణంలో

హైదరాబాద్ అబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్ లాంటి పాత పెన్నుల దుకాణానికి వెళ్తే పాళీని ఇంకులో ముంచి రాయనిస్తారు. మీ కాగితం, మీ కళ్ళజోడు వెంట తీసుకెళ్ళండి. దుకాణంలో పెట్టే కాగితం ఎంతో నునుపుగా ఉంటుంది, దానిమీద ఏ పెన్నయినా జారుతుంది. కూర్చుని రాయండి, కౌంటరు దగ్గర నిలబడి రాస్తే చేతి వాలు మారిపోతుంది.

సంతకం కాకుండా ఇలాంటి వాక్యం రాయండి: "ఋణం తీరిన లక్ష్మి జ్ఞాపకంగా శ్రీశైలం నుంచి ఝుంకాలు, ఠంచనుగా మూడు కుంకుమ భరిణలు తెచ్చింది." ఇందులో గుండ్రాలు, వత్తులు, పొట్టలో గీతలు అన్నీ ఉన్నాయి. ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి బాగా నెమ్మదిగా, ఒకసారి తొందరగా రాయండి. తర్వాత ఒత్తకుండా 8 అంకెను పది సార్లు ఒకదానిమీద ఒకటి గీయండి. 8లో ఒకవైపే గీరితే పాయలు సమంగా లేవు. అన్నివైపులా గీరితే కొన నునుపు చాలదు. నునుపుగానే జారుతూ, ప్రతి గీత మొదట్లో ఇంకు పడకపోతే కొన లోపలి అంచులు అతిగా సానపట్టారు. ఈ మూడో దోషాన్ని పెన్నుల లోకంలో బేబీస్ బాటమ్ అంటారు. దుకాణదారు "రాయగా రాయగా సర్దుకుంటుంది" అంటే ఒప్పుకోకండి. గట్టి కొన అరిగి సర్దుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అదే మోడల్లో ఇంకో పెన్ను తీయించండి.

ముంచి రాసిన పరీక్షకు ఒక పరిమితి ఉంది. ముంచినప్పుడు పాళీ కింద నాలుకలాంటి ఫీడ్ ఇంకుతో నిండి ఉంటుంది కాబట్టి అన్ని పెన్నులూ ఉదారంగానే రాస్తాయి. అసలు ధార ఎలా ఉందో పెన్ను నింపి నాలుగు పేజీలు రాస్తేనే బయటపడుతుంది. మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో, ఇంకు నింపిన పెన్నును తీసుకుంటారో లేదో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

పేరు చెక్కించడం ఉంటే ఈ గడువు దాటాకే చెక్కించండి. చెక్కిన పెన్నును ఎవరూ వెనక్కి తీసుకోరు. ఎబొనైట్ మీద తెలుగు అక్షరాలు చక్కగా పడతాయి. పేరు కింద పుట్టిన తెలుగు సంవత్సరం పేరు వేయిద్దామనుకుంటారు కొందరు, అరవయ్యేళ్ళకు అదే సంవత్సరం తిరిగి వస్తుంది కాబట్టి అందమైన ఆలోచనే. 1966-67లో పుట్టినవాళ్ళు మాత్రం ఆగి ఆలోచించుకోండి: ఆ సంవత్సరం పేరు పరాభవ.

పెన్ను వచ్చిన రోజు

పుట్టినరోజు దాకా పెట్టె తెరవకుండా ఉంచుకోవాలనే సరదాను చంపుకోండి. వచ్చిన రోజే తెరిచి పరీక్షించాలి, పండగ నాటికి సరైన పెన్ను చేతిలో ఉండటం ముఖ్యం.

1. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో పాళీ కొనను ఎదురుగా చూడండి. రెండు పాయలూ ఒకే ఎత్తులో, ఒకే పరిమాణంలో ఉండాలి. మధ్య చీలిక నిటారుగా ఉండి, కొన దగ్గరకు వచ్చేసరికి దాదాపు మూసుకున్నట్టుండాలి. చీలిక కొన దగ్గరే వెడల్పుగా ఉంటే ఇంకు ఆగిపోతుంది.

2. ఒక గ్లాసు మామూలు నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పెన్ను నింపే పద్ధతిలోనే ఆ నీళ్ళను ఐదారు సార్లు లోపలికి పీల్చి వదలండి. తయారీలో మిగిలిన నూనె జిడ్డు పోవడానికిది. ఆ జిడ్డు ఉంటే ఇంకు ఫీడుకు అంటక గీత తెగుతుంది. తర్వాత ఉత్త నీళ్ళతో నురగ పోయేదాకా కడగండి. వేడినీళ్ళు వద్దు, ఎబొనైట్ రంగు మారుతుంది. స్పిరిట్, శానిటైజర్ అసలు తగలనివ్వకూడదు, కొన్ని ప్లాస్టిక్కులు కరుగుతాయి.

3. పాళీ కిందికి ఉండేలా ఒక గుడ్డలో చుట్టి రాత్రంతా ఆరనివ్వండి.

4. మొదటి ఇంకు సాదా నీలం. పెలికాన్ 4001 రాయల్ బ్లూ, క్యామ్లిన్ రాయల్ బ్లూ లాంటివి కడిగితే సులువుగా పోతాయి. మెరుపుల ఇంకు, నల్ల పిగ్మెంట్ ఇంకు (నీటిలో కరగని సన్నటి రంగు రేణువులది) మొదటి నెలలో వద్దు. పెన్నులో దోషం ఉందో ఇంకులో ఉందో తేల్చుకోవాలంటే ఒకటైనా తెలిసినదై ఉండాలి.

నింపే పద్ధతి పెన్నును బట్టి మారుతుంది. పిస్టన్ పెన్నులో తోక మరను అపసవ్యంగా తిప్పి పిస్టన్‌ను కిందికి దించండి. పాళీ మొత్తం, పట్టు మొదలు అంచు దాకా ఇంకులో ముంచి, సవ్యంగా తిప్పుతూ పైకి లాగండి. పెన్నును బుడ్డిలోంచి బయటికి తీసి రెండు మూడు చుక్కలు వదిలి, పాళీని ఆకాశం వైపు పెట్టి మిగతా మర బిగించండి. ఆ రెండు చుక్కలు వదలకపోతే ఫీడు పొంగి మొదటి పేజీ మీద మచ్చ పడుతుంది.

కస్టమ్ 823 లాంటి వాక్యూం పెన్నులో మర విప్పి కడ్డీని పూర్తిగా బయటికి లాగి, పాళీ ఇంకులో ముంచి, కడ్డీని ఒకే ఊపులో లోపలికి నొక్కాలి. నొక్కేటప్పుడు కడ్డీ వెనక గాలిలేని చోటు ఏర్పడుతుంది. చివర్లో గొట్టం వెడల్పయ్యేచోట ఆ బిగువు తెగి ఇంకు దూసుకొస్తుంది. నొక్కాక పది సెకన్లు అలాగే ఉంచండి, వెంటనే తీస్తే సగమే నిండుతుంది. ఈ పెన్నుతో చాలామందికి ఎదురయ్యే సమస్య ఒకటుంది: రెండు పేజీలు రాశాక ఇంకు ఆగిపోతుంది. పెన్ను పాడవలేదు. తోక మర బిగించి ఉంటే లోపలి కవాటం ఇంకు తొట్టిని మూసేస్తుంది, ఫీడులో ఉన్న ఇంకుతోనే అప్పటిదాకా రాసింది. ఎక్కువ రాసేటప్పుడు మరను రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసి, అయ్యాక బిగించండి.

బాడీలో నేరుగా పోసే ఎబొనైట్ పెన్నుకు పట్టు మర విప్పి, మరచుట్లకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పెట్రోలియం జెల్లీ రాయకండి, లోపల రబ్బరు రింగుంటే ఉబ్బుతుంది. డ్రాపరుతో మరచుట్ల కింది అంచుకు కాస్త తక్కువగా పోసి బిగించండి, ఎక్కువైతే బిగించేటప్పుడు పాళీలోంచి కారుతుంది.

ఎక్కడ తేడా వస్తుంది, ఎందుకు

పోసే పెన్ను కక్కుతుందనే ఫిర్యాదు పాతది. ఇంకు తగ్గేకొద్దీ బాడీలో గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీ వైపు తోస్తుంది, ఉన్నట్టుండి ఒక బొట్టు కాగితం మీద రాలుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఇది మరీ ఎక్కువ. మూడోవంతు ఇంకు ఉండగానే మళ్ళీ నింపడమే మందు. ఎబొనైట్ వేడిని నెమ్మదిగా దాటనిస్తుంది కాబట్టి లోహపు బాడీ కంటే నయం, లోహపు పెన్నులో ఇంకు నేరుగా పోయకండి.

కన్వర్టర్ ఉన్న పెన్ను సగం ఇంకుండగా రాయడం ఆపేస్తే, ఇంకు కన్వర్టర్ వెనక గోడకు అతుక్కుని పాళీ వైపు దిగలేదన్నమాట. పెన్నును పక్కనుంచి వేలితో తట్టండి. తరచూ అవుతుంటే కన్వర్టర్‌ను లిక్విడ్ చుక్క నీళ్ళతో కడగండి.

ఉదయం మొదటి అక్షరం పడకపోతే మూత గాలి లోపలికి పంపుతోందేమో చూడాలి. పెన్ను నింపి బల్ల మీద పడుకోబెట్టి ఒకరోజు, మూడురోజులు, వారం తర్వాత రాసి చూడండి. ఒకరోజుకే ఎండితే మూతలోనే లోపం, తిప్పి ఇవ్వండి. వారానికి ఎండితే ఏసీ గదిలో అది మామూలే. మూత బాగున్నా ప్రతి గీత మొదట్లో ఆగుతుంటే, ఇందాక చెప్పిన సాన దోషం. సన్నటి సానకాగితం మీద మీరే సరిచేయొచ్చని వీడియోలు చెబుతాయి. ఉక్కు పాళీ మీద నేర్చుకోండి. బంగారు పాళీని మాత్రం పాళీలు సరిచేసే పనివాళ్ళ చేతిలోనే పెట్టాలి, కొన మీది గుండు అరిగితే మళ్ళీ రాదు.

అక్షరాల అంచులు పీచు పీచుగా పాకితే పెన్ను తప్పు లేదు, కాగితంలో జిగురు పూత తక్కువ. జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) అంకె ఒక్కటే చూడకండి. 52 జీఎస్ఎం తొమోయె రివర్ కాగితం మీద ఇంకు పాకదు, 70 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మీద పాకుతుంది. కొనేముందు ఒక మూల మీద నింపిన పెన్నుతో రాయాలి. డైరీకి గీతల మధ్య 8 మిల్లీమీటర్లు ఉన్న పుస్తకం తీసుకోండి, 6 మిల్లీమీటర్లవాటిలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుతాయి.

చెక్కుల మీద, దస్తావేజుల మీద సంతకాలకు సాదా నీలం పనికిరాదు, ఒక్క నీటిచుక్కకు చెదురుతుంది. ప్లాటినం బ్లూ-బ్లాక్ లాంటి ఐరన్ గాల్ (ఇనుప లవణం కలిసిన) ఇంకు గాలి తగిలి ముదురుతుంది, నీటికి పోదు. ప్లాటినం కార్బన్ బ్లాక్ అయితే పిగ్మెంట్. రెండిటికీ ఒకే షరతు: పెన్నులో ఎండనివ్వకూడదు, వారానికి రెండుసార్లైనా రాయాలి, నెలకోసారి కడగాలి. వేరే ఇంకు పోసేముందు కడగకపోతే రెండూ కలిసి గసి కట్టి ఫీడు గాడి పూడిపోతుంది. చిత్రాలకు వాడే లక్క కలిసిన డ్రాయింగ్ ఇంకు పొరపాటున కూడా పోయకండి, పెన్ను అంతటితో సరి.

మొదటి నెల తర్వాత

ఒకే ఇంకు వాడుతుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మామూలు నీళ్ళతో కడిగితే చాలు. ఊళ్ళకు పోయి నెలపాటు ముట్టరనుకుంటే ఖాళీ చేసి కడిగి ఆరబెట్టి వెళ్ళండి. విమానంలో పెన్ను నిండుగా గానీ పూర్తి ఖాళీగా గానీ ఉండాలి, జేబులో పాళీ పైకి చూడాలి. సగం నిండిన పెన్నులోని గాలే పైకెగిరేటప్పుడు చొక్కా మీద సిరా పోస్తుంది.

ఎబొనైట్‌ను ఎండకు, తడికి దూరంగా ఉంచండి, లేకపోతే నలుపు కాస్తా గోధుమ రంగుకు తిరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఇంకా త్వరగా. వాడాక పొడి గుడ్డతో తుడిచి చీకటి సొరుగులో పెట్టండి. దాని పక్కన వెండి వస్తువులు ఉంచొద్దు, ఎబొనైట్‌లోని గంధకానికి వెండి నల్లబడుతుంది. షష్టిపూర్తికి వచ్చిన వెండి గ్లాసు, ఎబొనైట్ పెన్ను ఒకే పెట్టెలో పెట్టే పొరపాటు తరచూ జరుగుతుంది.

ఇంకు బుడ్డి మూత తీసినప్పుడల్లా పైన తెల్లటి పొర తేలుతోందేమో, ముక్కిన వాసన వస్తోందేమో చూడండి. వస్తే బూజు పట్టింది. బుడ్డిని పారబోసి, ఆ ఇంకు తాగిన పెన్నును లిక్విడ్ నీళ్ళతో మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, కొత్త బుడ్డి తెరవండి. పాత డ్రాపరును కూడా అప్పుడే పారేయండి, బూజు దానిలోంచే కొత్త బుడ్డిలోకి వెళ్తుంది.